ఇరవై అయిదు అడుగులు

వెంకటరాముడి ఇంట్లో నడవ గడప దగ్గర ఒక సుద్దగీత, వెనక వాకిలి దగ్గర ఇంకొక సుద్దగీత ఉండేవి. రెండింటి నడుమ దూరం సరిగ్గా ఇరవై అయిదు అడుగులు. ఇల్లు ఊడ్చే తిమ్మక్కకు వాటిని తుడవకూడదని మొదటి రోజే కట్టడి చేశాడు ఆయన. ఎప్పుడైనా చెరిగితే టేపు పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, తిరిగి గీసేవాడు. ముగ్గు వెయ్యడం చేతగాని ఇంటి ముగ్గు ఇట్లే ఉంటుందని తిమ్మక్క నవ్వేది.

సుద్ద ఆయనకు కొత్త కాదు. భూగర్భజల శాఖలో ముప్ఫై రెండేళ్లు పనిచేసి రెండువేల నాలుగులో విరమించాడు. జిల్లాలో ఎంపిక చేసిన బావుల్లో నెలకొకసారి నీటిమట్టం కొలవడం ఆయన ఉద్యోగం. స్టీలు టేపు చివరి నాలుగడుగులకు సుద్ద రాసి బావిలోకి వదులుతారు. మునిగినంత మేర సుద్ద రంగు మారుతుంది. పైకి లాగి, తడి ఎక్కడిదాకా ఎక్కిందో చూసి, వదిలిన పొడవులోంచి తీసివేస్తే నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తేలుతుంది. టేపు అబద్ధమాడదు, ఆడితే దాన్ని చదివినవాడే ఆడాలి అని ఆయన కొత్తగా చేరినవాళ్లకు చెప్పేవాడు.

ఉద్యోగంతోపాటు ఆయనకు ఇంకొక వ్యాపకం ఉండేది. సెలవు రోజుల్లో ఊళ్లు తిరిగి, అరచేతిలో టెంకాయ పెట్టుకుని బోరుకు పాయింటు చూపేవాళ్లను పరీక్షకు నిలబెట్టేవాడు. తొంభై తొమ్మిదిలో గుమ్మఘట్ట దగ్గరి ఒక పల్లెలో, టెంకాయ లేచి నిలబడిన చోట ఒక రాయి పాతి, ఆ మనిషి కళ్లకు తువ్వాలు కట్టి, అదే చేనులో నాలుగు మార్లు తిప్పాడు. టెంకాయ నాలుగు చోట్ల లేచింది, రాయి పాతిన చోట తప్ప. ఆ చేను నల్లప్పది. ఉన్న గొర్రెల్లో సగం అమ్మి బోరు వేయించబోతున్నవాడు ఆ పూటతో ఆగిపోయాడు. పక్క చేను ఆసామి అదే టెంకాయను నమ్మి మూడు బోర్లు వేస్తే మూడింటా దుమ్మే లేచింది. ఆనాటి నుంచి నల్లప్పకు వెంకటరాముడి మాట రాతి మీద గీత. తర్వాత కొన్నేళ్లకు భార్య సిద్దమ్మకు కాళ్లు పట్టుతప్పినప్పుడు కూడా అతడు మొదట దేవరకు మొక్కుకోలేదు. బస్సెక్కి బుక్కరాయసముద్రం వచ్చి ఈయన ముందు నిలబడ్డాడు.

సిద్దమ్మ కాళ్లను చూడగానే వెంకటరాముడికి అది ఏ జబ్బో తోచింది. అదే జబ్బు ఆయన ఇంట్లోనూ ఉంది.

లహరి ఆయనకు ఒక్కతే కూతురు. తల్లి పోయిన ఏడాదే ఆమెకు డీఎస్సీలో లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చింది. రెండువేల ఒకటిలో, ఇరవై అయిదో ఏట, ఒక ఉదయం కుడికన్ను మసకబారింది. నెలన్నరకు దానంతటదే తేటపడింది. రెండువేల మూడులో రెండు కాళ్లూ మొద్దుబారాయి. మూడు నెలలకు అవీ తేరుకున్నాయి. బెంగుళూరులో తలకూ వెన్నుకూ స్కానింగు తీసి, మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. ఒంటిని కాయవలసిన కావలివాళ్లే దారితప్పి నరాల మీది పొరను కొరికేస్తారు. పొర ఊడినచోట మెదడు పంపిన కబురు కాలికి చేరదు. ఒకసారి విరుచుకుపడుతుంది, కొన్నాళ్లకు వెనక్కు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. వెళ్లిన ప్రతిసారీ ఏదో కొంత తనతో పట్టుకుపోతుంది. ఆ రెండు మార్లూ వెంకటరాముడు గోరంట్ల వైపు, కదిరి వైపు క్యాంపుల్లో ఉన్నాడు. కూతురు పడటమూ లేవటమూ ఆయనకు శనివారం ఇంటికొచ్చినప్పుడు తెలిసే సంగతులుగానే మిగిలాయి.

మూడోసారి మాత్రం, రెండువేల ఆరు మే నెలలో, ఆయన ఇంట్లోనే ఉన్నాడు. మంచం మీంచి దిగబోయిన కూతురు నేల మీద కూలబడటం కళ్లారా చూశాడు. ముప్ఫై ఏళ్ల మనిషి, మునుపటి రోజు పదో తరగతి జవాబుపత్రాలు దిద్దిన మనిషి, గోడ పట్టుకుని స్నానాలగదికి పోవడం చూశాడు.

బెంగుళూరు డాక్టరు అయిదు రోజులు స్టెరాయిడ్ ఎక్కించి, ఇక ఓపిక పట్టాలన్నాడు. మూలకణాల సంగతి వెంకటరాముడే ఎత్తాడు. పత్రికల్లో చదివి ఉన్నాడు. డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. విదేశాల్లో కొన్నిచోట్ల రోగి మూలకణాలనే తీసి దాచి, బలమైన మందులతో దారితప్పిన కావలివాళ్లందరినీ తుడిచిపెట్టి, దాచిన కణాలను తిరిగి ఎక్కించి కొత్త కావలిని పెంచుతున్నారు. అది ప్రాణాలకు తెగించే పని, ఇంకా పరిశోధన దశలోనే ఉంది. ఇక్కడ నగరాల్లో బొడ్డుతాడు కణాలని చెప్పి వెన్నులోకి సూది వేస్తున్నది వేరే సంగతి. దానివల్ల నయమైందనడానికి తాను చూసిన రుజువు ఒక్కటీ లేదు.

వెంకటరాముడు అంతా విన్నాడు. తలూపాడు. ఇంటికి వచ్చి పదిరోజులు నిద్రపోలేదు. పదకొండో రోజు ఆ నగరాల్లో ఒకదానిలోని కేంద్రానికి ఫోన్ చేశాడు.

తనకు తాను చెప్పుకున్న సమాధానం ఇది: నమ్మి పోవడం లేదు, పరీక్షించడానికి పోతున్నాను. ముందు కొలుస్తాను, తర్వాత కొలుస్తాను, అంకె ఏం చెబితే అది వింటాను. మొక్కుకునేవాడు అది మొక్కేనని ఒప్పుకుంటాడు. వెంకటరాముడు తన మొక్కుకు ప్రయోగమని పేరు పెట్టుకున్నాడు. బెంగుళూరు ఆసుపత్రిలో లహరిని ఇరవై అయిదు అడుగులు నడిపించి గడియారం చూడటం గుర్తుంచుకుని, ఇంట్లో అంతే దూరానికి రెండు సుద్దగీతలు గీశాడు. ప్రయాణానికి ముందురోజు కూతుర్ని మొదటి గీత దగ్గర నిలబెట్టాడు. ఆమె గోడ పట్టుకుని రెండో గీత దాటడానికి నలభై ఒక్క సెకన్లు పట్టింది. కొత్త రిజిస్టరులో మొదటి వరుసగా ఆ అంకె రాశాడు.

ఉద్యోగ విరమణ తర్వాత చేతికి వచ్చినదంతా ఆ కేంద్రంలో కట్టి, మూడు వారాల్లో నాలుగు సూదులు వేయించుకుని వచ్చారు. అక్కడ ఎవరూ ఏదీ కొలవలేదు. ఈయన రిజిస్టరును చూసి ముచ్చటపడి, ఆరునెలలు పోయాక ఒక నకలు పంపమన్నారు.

ఆగస్టులో ముప్ఫై మూడు. సెప్టెంబరులో ఇరవై నాలుగు. దసరా నాటికి పదిహేడు. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది, వేరుశనగ చేలు ఊడలు దిగకుండానే ఎండాయి, బుక్కరాయసముద్రం చెరువులో అడుగు తేలింది. కానీ ఆ ఇంట్లో గ్రాఫు కాగితం మీద గీత మాత్రం వారం వారం మంచివైపే జరిగింది. నవంబరులో లహరి గోడ ముట్టకుండా పది సెకన్లలో నడిచి, చేతికర్రను అటక మీదికి ఎక్కించింది. ఆ మర్నాడు వెంకటరాముడు పోస్టుకార్డు తీసుకుని, గుండ్రటి అక్షరాలతో నల్లప్పకు రాశాడు. పాప నడుస్తున్నది, అంకెలతో సహా నా దగ్గర ఉన్నది, సిద్దమ్మ విషయం కూడా ఆలోచించవచ్చు.

జనవరిలో ఒక సోమవారం నల్లప్ప రాయదుర్గం నుంచి ఫోన్ చేశాడు. మాట కుదిరిందనీ, వచ్చే ఆదివారం బేరగాడు వచ్చి జీవాలన్నింటినీ తోలుకుపోతాడనీ, ఆ దుడ్లతో సిద్దమ్మను తీసుకుని సూదులకు పోతాననీ చెప్పాడు. ఎనభై గొర్రెలు. నీళ్లు లేక చేను బీడుపడిన ఆ ఇంటికి అవే చేనూ, చెట్టూ, బ్యాంకూ. వెంకటరాముడు సంతోషంగానే ఫోన్ పెట్టేసి, తాను రాసిన కార్డుతో సహా సంగతంతా కూతురికి చెప్పాడు.

కార్డు ఎప్పుడు రాసినావని లహరి అడిగింది. చెప్పాడు. ఆమె తన గదిలోకి పోయి, బడి పాఠాల నోట్సు ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది. చివరి పేజీల్లో రెండు గ్రాఫులున్నాయి. ఒకటి రెండువేల ఒకటిది: తరగతి గదిలో నల్లబల్ల మీది అక్షరం ఎన్ని అడుగుల నుంచి కనబడుతున్నదో వారం వారం గుర్తుపెట్టుకున్నది. ఇంకొకటి రెండువేల మూడుది: బడి వరండాలో ఎన్ని స్తంభాలు దాటాక చెయ్యి ఆనించవలసి వచ్చిందో లెక్కపెట్టుకున్నది. రెండింటిలోనూ గీత నిట్టనిలువునా పడిపోయి, మెల్లగా లేచి, మునుపటి కంటే కొంచెం కిందనే ఆగింది.

వెంకటరాముడు తన గ్రాఫును పక్కన పెట్టి చూసుకున్నాడు. తండ్రి సెకన్లు కొలిచాడు, కూతురు స్తంభాలు కొలిచింది. అందుకని ఒకటి దిగేచోట ఇంకొకటి ఎక్కుతున్నది. కాగితం తలకిందులు చేస్తే మూడూ ఒకే ఆకారం. మొదటి రెండుసార్లూ ఏ సూదీ లేదు.

“వంక మీద చెక్‌డ్యాం కట్టినప్పటి సంగతి నువ్వే కదా నాయనా చెప్పింది,” అంది లహరి.

ఆ సంగతి ఆయన నూరుసార్లు చెప్పి ఉంటాడు. ఒక వంక మీద వాననీళ్లు ఆగేలా చెక్‌డ్యాం కట్టినవాళ్లు మేలో బావి కొలిచి, నవంబరులో మళ్లీ కొలిచి, నీళ్లు పదడుగులు పైకొచ్చాయి, ఇదంతా మా కట్ట మహిమేనని సభ పెట్టారు. వెంకటరాముడు లేచి, కట్ట లేని పక్క వంకలోని బావి సంగతేమిటని అడిగాడు. అక్కడా పదడుగులే లేచాయి. ఎండాకాలం నడిమధ్యన మొదలుపెట్టి కొలిస్తే ఏ బావి అయినా లేస్తుంది, వాన పడింది కాబట్టి. సభంతా నవ్వింది. ఆ మనిషే, కూతురు అట్టడుగున ఉన్ననాడు సుద్దగీత గీసి, కొలవడం మొదలుపెట్టాడు.

“తెలిసీ ఏల ఊరకుంటివమ్మా?”

“నువ్వు పొద్దున్నే టేపు తీసుకోని ఈల వేస్తాంటివి. అమ్మ పోయినాక నువ్వు ఈల వేసేది నేను వినలేదు. మన ఇంట్లో మనం మోసపోతే ఎవరికేం నష్టమనుకొంటి. కార్డు సంగతి నాకు తెల్దు.”

మంగళవారం తెల్లవారకముందే ఆయన గుమ్మఘట్ట బస్సు పట్టుకున్నాడు.

నల్లప్ప ఒకరి చేనులో ఎరువు కోసం మంద కట్టి ఉన్నాడు. కంచెలో జీవాలు ఒకదాని మీద ఒకటి మూతులు పెట్టుకుని నిలబడి ఉన్నాయి. సిద్దమ్మ చింతచెట్టు నీడన నులకమంచం మీద ఉంది. సారును చూడగానే నల్లప్ప గొంగడి దులిపి పరిచాడు. వెంకటరాముడు నిలబడే చెప్పాడు: తాను రాసింది తప్పు, సూదుల వల్ల కాదు, జబ్బు దానంతటదే తగ్గింది, మళ్లీ వస్తుంది, గొర్రెలు అమ్మవద్దు. చెక్‌డ్యాం కథ చెప్పాడు. గ్రాఫులు మూడూ విప్పి చూపించాడు. సిద్దమ్మ జబ్బు పడి లేచే రకం కూడా కాదని, మొదటినుంచీ మెట్టు మెట్టుగా దిగుతూనే ఉందని, దానికి ఈ సూది ఇంకా దూరమని చెప్పాడు. నల్లప్ప మర్యాదగా, చివరిదాకా విన్నాడు. తర్వాత రొండిన దోపుకున్న ప్లాస్టిక్ సంచిలోంచి పోస్టుకార్డు తీశాడు.

“దీన్ని పోస్టు మాస్టరుతో మూడుసార్లు చదివిచ్చుకొన్నా సార్. ఇది నీ చేతిదేనా?”

“నాదే.”

“పాప నడుస్తాండాదా, లేదా? అదొక్కటి చెప్పు.”

వెంకటరాముడు అబద్ధం చెప్పలేకపోయాడు. “నడుస్తాంది.”

“ఇంగేముండాది మరి. మీ ఇంటి మీద వాన కురిసె. మా ఇంటి మీదికి మోడం వస్తాందంటే, అది వానే కాదు పొమ్మంటాండావు.” నల్లప్ప గొంతులో కోపం లేదు; నొచ్చుకున్న మనిషి గొంతు అది. “టెంకాయోనికి నువ్వు గుడ్డ కట్టినాక వాడు తప్పు చెప్పినాడు. నీకు ఎవురు కట్టినారు సార్ గుడ్డ?”

“నేనే కట్టుకొంటి నల్లప్పా.”

మంచం మీంచి సిద్దమ్మ అందుకుంది. “మీ ఇద్దరి పంచాయితీ నాకేల? కాళ్లు నావి. ఆ పాప నడిసేది నా కండ్లతో నేను సూడల్ల. సూసినాక ఈయప్ప జీవాలు అమ్ముతాడో, నన్నే అమ్ముతాడో చూస్తా.” శుక్రవారం వస్తామని మాట ఇచ్చారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పచ్చనిదంటూ కనబడని ఆ నేలను చూస్తూ, వెంకటరాముడు తన మనసులో జరుగుతున్న ఒక లెక్కను గమనించి ఉలిక్కిపడ్డాడు. శుక్రవారంలోగా లహరి కాళ్లు మళ్లీ పట్టుతప్పితే నల్లప్ప నమ్ముతాడు. ఆ ఊహ ఆయన పిలవకుండానే వచ్చింది. ఇల్లు చేరేదాకా ఆయన దాన్ని తరుముతూనే ఉన్నాడు, అది పోయి పోయి తిరిగి వస్తూనే ఉంది.

జరిగిందంతా కూతురికి చెప్పాడు, ఆ ఒక్క ఊహ తప్ప. లహరి మంచం అంచున కూర్చుని విన్నది.

“శుక్రవారం నేను నడవను నాయనా.”

“అంటే?”

“నడవలేనట్లు చేస్తా. వాళ్లు కండ్లనే కదా నమ్మేది, కండ్లతోనే చూడనీ. ఆదివారం బేరగాడు ఉత్తచేతులతో పోతాడు.”

వెంకటరాముడు చప్పున తల అడ్డంగా ఊపాడు. ముప్ఫై రెండేళ్లలో ఎండలకు ఓర్వలేక చెట్టుకింద కూర్చుని అంకెలు పుట్టించినవాళ్లను ఎందరినో చూశాడు. తాను మాత్రం టేపు దించని బావికి అంకె వెయ్యలేదు. ఇప్పుడు కన్నకూతురు నడకనే దొంగ కొలత కొలవాలా అని అడిగాడు.

“నువ్వు రాసిన కార్డు ఊర్లో తిరుగుతాండాది. దాన్ని కొట్టెయ్యల్లంటే నోటిమాట చాలదని చూసినావు కదా. గడియారం నొక్కు, రిజిస్టరులో రాయొద్దు. నీ రిజిస్టరు మైల పడదు.” అని, కొంచెం నవ్వి, అటక మీది చేతికర్ర దించి పెట్టమంది. “నాటకానికి సామాను ఉండల్ల కదా.”

కర్ర దించి ఇచ్చాడు. బుధ, గురువారాల్లో ఆమె ఎక్కువగా తన గదిలోనే ఉంది. మధ్యలో కర్ర చప్పుడు వినబడేది. సాధన చేస్తున్నదనుకుని ఆయన అటు పోలేదు. అంత చలిలోనూ స్నానానికి వేడినీళ్లు వద్దని, చన్నీళ్లే పెట్టమన్నదని తిమ్మక్క గొణిగింది. వెంకటరాముడి మనసు శుక్రవారం మీద ఉంది. ఆ మాట చెవిలో పడి జారిపోయింది. బస్సులో కలిగిన ఊహకు ఇలా నాటకం రూపంలో విరుగుడు దొరికినందుకు, నిజం చెప్పాలంటే, ఆ మూడు రాత్రులూ ఆయనకు నిద్ర పట్టింది.

శుక్రవారం పదకొండు గంటలకు ఆటో దిగి, నల్లప్ప గుమ్మం ముందు భార్యకు వీపు చూపించి గొంతుకూర్చున్నాడు. ఆమె మెడచుట్టూ చేతులు వేసింది. ఒక్క ఊపున లేచి, లోపలికి తెచ్చి నడవలో గోడవారగా దింపాడు.

“ఈయప్పకు గొర్రెపిల్లల్ని మోసి మోసి అలవాటే పాపా,” అంది సిద్దమ్మ, లహరిని చూసి. “అవి కాళ్లాడిస్తాయి, నేను ఆడియ్యను. అదొక్కటే తేడా.”

లహరి నవ్వింది. కాసిని మంచినీళ్లు, టీ అయినాక ఆమె కర్ర ఆనించుకుని మొదటి గీత దగ్గర నిలబడింది. వెంకటరాముడు గడియారం పట్టుకున్నాడు. బొటనవేలు మీట మీద పెట్టాడు. ఈ వేలు ఒక అబద్ధానికి సాక్షి కాబోతున్నదనుకుని నొక్కాడు.

మొదటి మూడడుగులు కర్ర సాయంతో బాగానే పడ్డాయి. నాలుగో అడుగుకు ఎడమ పాదం నేల వదలలేదు. బొటనవేలు నేలను రాసుకుంటూ ఈడ్చుకొచ్చింది. ఎనిమిదో అడుగు దగ్గర చెయ్యి గోడను వెతుక్కుంది. నడిమికి వచ్చేసరికి మోకాలు వెనక్కు విరిగినట్టు లోపలికి పోయి, ఆమె కర్ర మీద మొత్తం ఒరిగి, ఆగింది. పై పెదవి మీద చెమట మెరిసింది. ఇంత చేయనక్కరలేదమ్మా, చాలు, వాళ్లు నమ్మేశారు అని వెంకటరాముడు కళ్లతో చెప్పబోయాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. రెండో గీత మీదే చూపు నిలిపి, ఒక్కొక్క అడుగునూ ఎవరి దగ్గరో అడిగి తీసుకుంటున్నట్టు వేసింది.

“సాలు పాపా, సాలు,” అంది సిద్దమ్మ. ఆమె కూర్చున్నచోటునుంచే రెండు చేతులూ చాచింది, అందనంత దూరం నుంచి పట్టుకోబోతున్నట్టు. “నాకు తెలుసు అది. నాకు తెలుసు. ఆగు తల్లీ.”

లహరి ఆగలేదు. వెనక వాకిలి దగ్గర గీత దాటి, తలుపు పట్టుకుని, జారి, గడప మీద కూర్చుంది. యాభై ఎనిమిది.

నల్లప్ప ప్లాస్టిక్ సంచిలోంచి కార్డు తీసి, కిటికీ గూటిలో, వెంకటరాముడి రిజిస్టరు మీద పెట్టాడు.

“నిన్ను అనరాని మాటంటి సార్, ఆ పొద్దు. మనసులో పెట్టుకోవద్దు. జీవాలు ఆడనే ఉంటాయిలే.”

సిద్దమ్మ లహరినే చూస్తున్నది. కొంతసేపటికి వెంకటరాముడి వైపు తిరిగింది. “అయితే ఇంగ మాకు మందు లేదా సార్?”

ఇన్నేళ్లుగా సభల్లో నిలబడి, లేనిదాన్ని లేదని చెప్పడమే మనిషికి చేసే మేలని చెప్పినవాడు ఆయన. ఆ మాట ఇంత బరువుంటుందని ఆయన ఎరగడు. “ఇప్పటికైతే లేదు సిద్దమ్మా. యాడో దూరదేశాల్లో వెతుకుతాండారు. ఒకనాటికి దొరకొచ్చు.”

“దొరికితే కార్డు రాయి,” అంది ఆమె. అందులో ఎత్తిపొడుపు లేదు. “నువ్వు రాస్తే మల్లా వస్తాం.”

నల్లప్ప వీపు చూపించి కూర్చున్నాడు. పోతూ పోతూ సిద్దమ్మ అతని భుజం మీంచి తల తిప్పి, పాపకు వేడి నీళ్లు పొయ్యొద్దని, తనకు వేడి తగిలితే ఉన్న కాళ్లు కూడా పోతాయని చెప్పింది. ఆటో చప్పుడు సందు మలుపు తిరిగేదాకా వెంకటరాముడు వాకిట్లోనే నిలబడ్డాడు. ఎనభై గొర్రెలు మిగిలాయి. తలుపు వేసి లోపలికి వచ్చాడు.

“పోయినారమ్మా. ఇంత బాగా చేస్తావనుకోలేదు, నాకే భయమేసింది. ఇంక లే.”

లహరి గడప మీదే ఉంది. కర్ర పక్కన పడి ఉంది.

“లేచేకి కాలేదు నాయనా.”

ఆయనకు మొదట అర్థం కాలేదు. ఆమె ఎడమ పాదం కేసి చూశాడు. బొటనవేలి చర్మం రేగి, సుద్ద అంటుకుని, అందులో సన్నగా ఎర్రని చెమ్మ. నటించే మనిషి కాలు రేగినప్పుడు తెలుసుకుంటుంది, ఎత్తి వేస్తుంది. ఈ కాలికి తెలియలేదు. చన్నీళ్లు, తలుపు వెనక కర్ర చప్పుడు, శుక్రవారం దాకా ఆగక అటక మీది కర్రను ఆమె ముందే దించమనడం ఒక్కొక్కటే వచ్చి ఆయన ముందు నిలబడ్డాయి.

“ఎప్పటినుంచి?”

“మంగళవారం. నువ్వు గుమ్మఘట్టకు పోయిన పొద్దు. లేచి నిలబడితే కాలు నాది కాదు.”

“మరి, నటిస్తానని...”

“అట్లంటే నీకు మూడు రాత్రులు నిద్ర పడుతుందని,” అంది. “నడవలేనని ఎట్లా చెప్పల్లనో తెలీలా. నడవనని చెప్పేది సులభమనిపించె.”

ఆ మంగళవారమే, బస్సులో, కిటికీ పక్కన కూర్చుని తాను చేసిన లెక్క వెంకటరాముడికి జ్ఞాపకం వచ్చింది. ఊహకూ జబ్బుకూ సంబంధం ఉండదని ఆయనకు తెలుసు. అట్లా సంబంధం కట్టేవాళ్లతోనే జీవితమంతా పోట్లాడాడు. తెలిసిన మనిషి గుండె కూడా తెలియని మనిషి గుండె లాగానే కొట్టుకుంది.

“ఎన్ని వచ్చె?” అడిగింది లహరి.

“యాభై ఎనిమిది.”

“రాసుకో. దొంగ కొలత కాదులే.”

ఆయన కిటికీ గూట్లోంచి రిజిస్టరు తీశాడు. పైనున్న కార్డు జారి నేల మీద పడింది. తారీఖు రాసి, పక్కన అంకె వేశాడు. సూదుల ప్రయాణానికి ముందురోజు వేసిన నలభై ఒకటి అదే పేజీలో, మొదటి వరుసలో ఉంది. రిజిస్టరు మూసి, దూరంగా పెట్టాడు.

ఆమె కాలు ఈడ్చుకొచ్చిన చోట రెండో సుద్దగీత చెరిగిపోయి, గడప దాకా తెల్లగా పూసుకుని ఉంది. అలవాటుగా చెయ్యి సుద్ద కోసం జేబులోకి పోయింది. వట్టి చెయ్యి బయటికి తీశాడు. తర్వాత కూతురి ముందుకు వచ్చి, నల్లప్ప చేసినట్టే, వీపు చూపించి గొంతుకూర్చున్నాడు.

“నీకు కాదు నాయనా. పడిపోతాం.”

“మెడ పట్టుకో.”

ఆమె చేతులు మెడచుట్టూ పడ్డాయి. అరవై దాటిన మనిషి, మొదటిసారి లేవలేకపోయాడు. రెండోసారి తలుపు చట్రం పట్టుకుని లేచాడు. వెనక వాకిలి నుంచి నడవ గడప దాకా, ఎదురుగా, ఇరవై అయిదు అడుగులు. ఆమె చెంప ఆయన భుజం మీద తడిగా ఆనింది. ఆయన నడవడం మొదలుపెట్టాడు, లెక్కపెట్టకుండా.